కరువు సీమలో కూటి గింజ – ఒక రెవెన్యూ గుమాస్తా చూసిన చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, నాకు తెలిసిన విషయం ఒక్కటే కదా అనిపించింది. 1972లో ఎల్.డి.సి.గా అనంతపురం జిల్లాలోని ఒక తాలూకా కచేరిలో చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేశాను. ఈ ముప్పై ఆరేళ్ళలో ఎక్కువ కాలం నేను చూసినవి అడంగళ్ళు, జమాబందీ లెక్కలు, వర్షపాతం రిజిస్టర్లు, కరువు ఫైళ్ళు. నేను చరిత్రకారుణ్ణి కాను. కానీ కరువును ఫైలులోనూ చూశాను, మా ఇంట్లోనూ చూశాను. ఈ రోజుల్లో వాతావరణం మారిపోతున్నదని, తిండి గింజల సంగతి ఏమవుతుందోనని పత్రికల్లో తరచు చదువుతున్నాం. ఈ ప్రశ్న రాయలసీమకు కొత్తది కాదు. మన పెద్దలు దీనికి ఏ జవాబు చెప్పుకున్నారో, మా తరం దానిని ఎలా పోగొట్టిందో, ఇప్పుడు ఎక్కడెక్కడ తిరిగి మొదలవుతున్నదో నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

మన నేల స్వభావం

అనంతపురంలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. పాత లెక్కలో చెప్పాలంటే ఇరవై రెండు అంగుళాలకు మించదు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలు తూర్పు తీరంలో ఆరగా ఆరగా మిగిలినవి మన దాకా వస్తాయి. అదీ ఎప్పుడు పడుతుందో తెలియదు. కచేరి ఆవరణలో ఉండే వర్షమాపకాన్ని ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రిజిస్టరులో ఎక్కించడం కొన్నేళ్ళు నా పని. వారాల తరబడి సున్నాలు వేసి వేసి, ఒక్క రాత్రిలో నెల వాన కురిస్తే ఆ అంకె వ్రాసిన రోజులు నాకు జ్ఞాపకం ఉన్నాయి. ఏడాది మొత్తం కూడితే సగటు సరిపోయేది. పంట మాత్రం ఉండేది కాదు. కాబట్టి సగటు అంకెను నమ్మి సేద్యం చేయరాదని మా తాతల కాలం నుంచీ ఎరుగుదురు.

పెద్దల ఏర్పాట్లు

మొదటి ఏర్పాటు చెరువు. కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 14వ శతాబ్దంలో చెరువు కట్టించి 1369లో శాసనం వేయించాడు. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అందులో చెక్కించాడు. కట్ట నీరు కారడం, ఉప్పు నేల, చెరువు మధ్య మెరక, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం – ఇవీ దోషాలు. రెండేళ్ళపాటు రోజుకు వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు పని చేశాయని కూడా ఆ శాసనంలో ఉంది. ఆరు వందల యాభై ఏళ్ళ క్రితమే నీటికీ నేలకూ లెక్క కట్టిన వాళ్ళు మనవాళ్ళు.

కట్టించడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఒక ఎత్తు. అందుకు దశబంధ ఇనాములు ఉండేవి. ఇనాము భూమి అనుభవించేవారు చెరువు మరమ్మతు చూడాలి. నీరు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. 1956 చట్టంతో ఇనాములు రద్దయ్యాయి. ఆ చట్టం చాలామంది రైతులకు మేలు చేసింది, కాదనను. కానీ ఇనాముతో పాటు చెరువును చూసే బాధ్యత కూడా ఊరి చేతి నుంచి జారిపోయింది. ఆ తరువాత చెరువు మరమ్మతు అంటే ఎస్టిమేటు, మంజూరు, టెండరు. ఆ కాగితాలు తిరిగే లోపల తూము పూడిపోయేది.

రెండవ ఏర్పాటు పంటల కలగలుపు. మా ఊళ్ళో మెట్ట చేనులో ఒకే పంట వేసిన వాణ్ణి నా చిన్నతనంలో చూడలేదు. గొర్రుతో కొర్ర విత్తితే నడుమ సాళ్ళలో కందులు పడేవి. జొన్నలో అనుములు, అలసందలు, పెసలు. గట్టు వెంట ఆముదాలు, గోగు. కొర్ర మూడు నెలలకు చేతికి వస్తుంది. కంది ఆరు నెలలు నిలబడి లోతు వేరుతో తేమ వెతుక్కుంటుంది. జూన్, జూలైలో వాన మొండిచేయి చూపితే భాద్రపదంలో ఉలవలు చల్లేవారు. ఒకటి పోతే ఒకటి దక్కేది. అన్నీ పండిన ఏడు పండుగ, ఏదో ఒకటైనా పండని ఏడు అరుదు. పశువులకు చొప్ప ఎలాగూ ఉండేది.

మూడవ ఏర్పాటు ఇంట్లోని గింజ. కలిగిన వారికి జొన్న పాతరలు ఉండేవి. మా బోటి వారికి మట్టి గూనలు. విత్తనానికి ఎత్తిపెట్టిన గింజను ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, గూన మూతికి పేడతో మెత్తేవారు. ఆ పని మా అమ్మది. ఇంట్లో కూడు లేని పూట కూడా విత్తనాల గూన మూత తీయనిచ్చేది కాదు. ఎకరా కొర్ర విత్తడానికి రెండు మూడు కిలోల గింజ చాలు. కాబట్టి ఒక గూన ఉంటే ఇంటికి సరిపోయి, పక్కింటికి నాగుకు ఇవ్వడానికీ మిగిలేది.

ధాత కరువు నేర్పిన పాఠం

ఇంత ఏర్పాటు ఉన్నా కరువులు రాలేదా అంటే వచ్చాయి, ఘోరంగా వచ్చాయి. పాతకాలమంతా స్వర్ణయుగమని చెప్పడం నా ఉద్దేశం కాదు. 1832–33 నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమలో వచ్చిన డొక్కల కరువులో ఐదు లక్షల జనాభాలో రెండు లక్షల మంది వరకు పోయారని చరిత్రకారులు వ్రాశారు. గోదావరి, కృష్ణలపై ఆనకట్టలు కట్టాలన్న ఆలోచనకు అటువంటి కరువులే ఊపునిచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టా అన్నపూర్ణ అయింది. మన దత్త మండలాలకు మాత్రం అటువంటి అదృష్టం పట్టలేదు.

1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారు వేలమందికి అన్నం పెట్టి, విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం అందుకున్న సంగతి సీమలో తెలియని వారు లేరు. ఒక మహానుభావుడి దయతో కొన్ని ఊళ్ళు బతికాయి. కానీ పదేళ్ళకు వచ్చిన ధాత కరువు ఏ ఒక్కరి దయకూ లొంగేది కాదు. 1876లో నైరుతి వాన, ఈశాన్య వాన రెండూ పోయాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో బ్రిటిష్ ఇండియాలో 50 లక్షలకు పైగా చనిపోయారు. బళ్ళారి, కడప, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. మన అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగం. 1882లోనే వేరు జిల్లా అయింది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అప్పటికే మద్రాసు నుంచి మన సీమ మీదుగా రైలు నడుస్తున్నది. ధాన్యం రైల్లో వచ్చింది కూడా. కొనడానికి జనం దగ్గర డబ్బు లేదు. చేలో పని లేదు కాబట్టి కూలీ లేదు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టిన మగవాడికి సర్ రిచర్డ్ టెంపుల్ దొర రోజుకు ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల ధాన్యం, పైన ఒక అణా చాలునన్నాడు. ఆ తిండితో మనిషి బతకడని మద్రాసు ప్రభుత్వంలో వైద్యాధికారి కార్నిష్ వాదించాడు. 1877లో ఆ కూలీ పెంచారు గానీ అప్పటికే ఎందరో పోయారు. 1880లో కరువు కమిషన్ నివేదిక వచ్చింది, 1883లో కరువు కోడ్ తయారైంది. మనం సర్వీసులో తిరగేసిన కరువు నిబంధనలన్నిటికీ మూలం అదే. నిప్పులాంటి అనుభవం నుంచి వచ్చిన కోడ్ అది. ప్రాణం నిలపడానికి పనికి వచ్చింది. అయితే అది పంట పోయిన తరువాత మొదలయ్యే పని. పంట పోకుండా, పోయినా ఇల్లు కూలకుండా చూసే భాగం అందులో తక్కువ.

ధాత కరువు నుంచి నాకు తోచిన పాఠం రెండు వైపులా ఉంది. వరుసగా రెండేళ్ళు వాన పోతే ఏ పాతరా నిలవదు. అసలు భూమి లేని వాడికి పాతర అన్నదే లేదు. అందుచేత సర్కారు గిడ్డంగి తప్పనిసరి. కానీ గిడ్డంగి ఒక్కటే ఉండి ఊళ్ళో గింజ లేకపోతే, బండి వచ్చే దాకా ఎదురు చూడవలసిందే. రెండూ కావాలి.

గంజి కేంద్రం నుంచి రెండు రూపాయల బియ్యం దాకా

నేను పుట్టింది 1950లో, వికృతి నామ సంవత్సరం. ఆ తరువాతి రెండు మూడేళ్ళు సీమలో పెద్ద కరువు. గుంటూరు డొక్కల కరువు నాటి నందన రెండు చుట్లు తిరిగి 1952లో మళ్ళీ వచ్చింది. ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. మా అమ్మ నన్ను చంకన పెట్టుకొని, మా అన్న చెయ్యి పట్టుకొని, చెంబుతో వరుసలో నిలబడిందట. చేలల్లో చెంచలాకు, గురుగాకు దొరికితే ఉడకబెట్టి పెట్టేదట. బతికుంటే బలుసాకు తినవచ్చునన్న సామెత మా ఇంట్లో అక్షరాలా జరిగింది. అయినా ఆ ఏడు మా ఇంటి కొర్ర విత్తనం గూన ముట్టలేదని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. మరుసటి ఏడు వాన పడగానే ఎవరినీ అడగకుండా విత్తుకున్నామని ఆమె గర్వం.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. అప్పుడు నేను కచేరిలో సివిల్ సప్లైస్ సీటు చూస్తున్నాను. కార్డుల కోసం వచ్చిన జనాన్ని కళ్ళారా చూశాను. ఆ పథకం మన సీమలో ఆకలి చావులను ఆపిందని నా నమ్మకం. పండుగ పూట మాత్రమే వరి అన్నం చూసిన ఇళ్ళలో రోజూ పొయ్యి మీద తెల్లన్నం ఉడికింది. దానిని తప్పు పట్టే హక్కు కడుపు నిండిన నాకు లేదు.

కానీ ఒక మార్పు మెల్లగా జరిగింది. కొర్రన్నం, జొన్న రొట్టె, రాగి సంగటి పేదవాడి తిండి అని పిల్లలు సిగ్గుపడసాగారు. కొర్రలు దంచడం ఆడవాళ్ళకు చాకిరీ. బియ్యం వచ్చాక రోలు మూలబడింది. తినేవాడు లేని గింజను రైతు ఎందుకు పండిస్తాడు?

అడంగల్లో ఒకే పేరు

అదే కాలంలో చేలో వేరుశనగ పరుచుకున్నది. 1960 ప్రాంతంలో జిల్లాలో సుమారు రెండు లక్షల హెక్టార్లలో ఉన్న వేరుశనగ, 1990ల నాటికి ఏడు లక్షలు దాటింది. కారణాలు లేకపోలేదు. వంటనూనెకు ధర ఉంది. బ్యాంకు అప్పు దొరుకుతుంది. 1985లో సమగ్ర పంటల బీమా, 1986లో నూనెగింజల టెక్నాలజీ మిషన్ వచ్చాయి. విత్తనం సబ్సిడీ మీద ఇచ్చారు. కాయ అమ్మితే ఒకేసారి చేతిలో డబ్బు పడేది. వేరుశనగ డబ్బుతోనే మన జిల్లాలో ఎన్నో మిద్దెలు లేచాయి, ఎందరో పిల్లలు ఇంజనీర్లయ్యారు. మన సంఘ సభ్యుల్లోనూ అలా చదువుకున్న వారు ఉన్నారు.

నేను సర్వీసులో చేరినప్పుడు కరణం గారు తెచ్చే అడంగల్లో ఒక్కో పుటలో ఏడెనిమిది పంటల పేర్లు ఉండేవి. జొన్న, కంది, అనుము కలిపి అని వ్రాస్తే, విస్తీర్ణం ఎలా విడదీయాలో తెలియక మేము తల పట్టుకునేవాళ్ళం. 1984లో కరణాలు పోయారు, 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ తరువాత పదేళ్ళలో అడంగల్ వ్రాయడం ఎంత సులువైపోయిందంటే, మొదటి వరుసలో వేరుశనగ అని వ్రాసి, కింద వరుసలన్నిటా ‘డిటో’ గుర్తు పెట్టుకుంటూ పోవడమే. పని తేలికయిందని అప్పుడు సంతోషించాను. ఆ గుర్తుల అర్థం ఏమిటో నాకు చాలా ఆలస్యంగా బోధపడింది.

ఒక్క తేడా చూడండి. ఎకరా వేరుశనగకు నలభై యాభై కిలోల విత్తనం కావాలి. గూనలో దాచుకునే బరువు కాదది. కరువు ఏడు అప్పుల వాడికి ఆ కాయ కూడా అమ్ముకోక తప్పదు. అంటే మరుసటి ఏడు విత్తనానికి చెయ్యి చాపవలసిందే.

2000లో కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చింది. వయ్యారిభామ కలుపు మొక్కల పుప్పొడి నుంచి తామర పురుగుల ద్వారా చేరే తెగులు అది. జిల్లా అంతటా ఒకే పంట కాబట్టి దానికి అడ్డు లేకపోయింది. రెండు లక్షల హెక్టార్లకు పైగా దెబ్బతిని, నష్టం 300 కోట్లు దాటింది. రెండేళ్ళకు, 2002లో, దేశమంతా వాన తప్పింది. దుర్భిక్షంలో అధికమాసం అన్నట్లయింది.

వరుసలో మా అన్న

ఇప్పుడు నా సొంత సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాయడం న్యాయం కాదు.

మాకు తొమ్మిదెకరాల మెట్ట. సేద్యం మా అన్నది. 1979లో నేనే అన్నకు చెప్పాను: “కొర్రలు, అనుములు ఎన్నాళ్ళన్నా? అంతా శనక్కాయ వెయ్యి. అప్పు కాగితాలు నేను చూస్తా.” ఉద్యోగస్తుడైన తమ్ముడి మాట కదా, అన్న విన్నాడు. అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. “శనక్కాయ అమ్ముకునే గింజ అబ్బీ, కొర్ర తినే గింజ. రెండూ ఉండల్ల” అన్నది. నేను నవ్వాను. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ గట్టు పక్కన నాలుగు సాళ్ళు కొర్ర వేయించుకొని గూన నింపేది. 1991లో అమ్మ పోయింది. ఆ గూనల్లో ఆ తరువాత మిద్దె పనికి వచ్చిన మేస్త్రీలు నీళ్ళు నిల్వ చేసుకున్నారు.

2003 జూన్‌లో మండల కేంద్రంలో సబ్సిడీ విత్తన కాయల పంపిణీ. జనం ఎక్కువ కావడంతో రెవెన్యూ సిబ్బందికి కూడా డ్యూటీ వేశారు. నేను బల్ల ముందు కూర్చొని పాసుపుస్తకాలు చూసి పేర్లు వ్రాస్తున్నాను. మధ్యాహ్నం నీళ్ళు తాగడానికి లేచి చూస్తే వరుసలో మా అన్న. అప్పటికే నాలుగు గంటలుగా ఎండలో నిలబడి ఉన్నాడు. నా దగ్గరికి వస్తే మాట వస్తుందని రాలేదు. గబగబా వెళ్ళి నీళ్ళ చెంబు ఇచ్చాను. తాగి, మెల్లగా అన్నాడు: “మనిల్లు ఊరికి విత్తనం ఇచ్చిండే ఇల్లు రా. ఈ పొద్దు నేను చెయ్యి సాపుతుండా.” నన్ను ఒక్క మాట కూడా నిందించలేదు. అదే నాకు ఈనాటికీ బాధ.

ఆ ఏడు కూడా పంట నిలవలేదు. మేత లేక ఎద్దులను సంతకు తోలాడు. అప్పుడు అన్న మళ్ళీ కొర్ర వేద్దామనుకున్నాడు. ఊరంతా తిరిగితే ఒక్క ఇంట్లో కొర్ర విత్తనం లేదు. కచేరిలో నాకు తెలిసిన వారందరినీ అడిగాను, ఏ జాబితాలోనూ లేదు. చివరికి మా వదిన పుట్టింటి వైపు, కర్ణాటక సరిహద్దులోని ఒక చిన్న పల్లెలో, ఒక ముసలావిడ దగ్గర రెండు శేర్ల కొర్రలు, ఒక గుప్పెడు అనుములు దొరికాయి. డబ్బిస్తే పుచ్చుకోలేదు. “నాగుకు ఇస్తుండా, పండినాక రెండింతలు తెచ్చీండి” అన్నది. మరుసటి పంటకు మా వదిన స్వయంగా వెళ్ళి కొలిచి ఇచ్చి వచ్చింది.

మళ్ళీ మొదలైన పనులు

మా ఇంట్లో జరిగినది చిన్న సంగతి. ఇదే పనిని పెద్ద ఎత్తున చేసిన వారున్నారు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు వాటిలో ముందు చెప్పదగినవి. సభ్యుల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, సన్నకారు రైతులు. 1990లలో బీడు పడిన మెట్ట భూములను అప్పిచ్చి సాగు చేయించి, ఆ అప్పును డబ్బుగా కాక జొన్నలుగా తిరిగి తీసుకొని, ఊళ్ళోనే నిల్వ చేసి, వానాకాలం కరువు నెలల్లో పేదలకు తక్కువ ధరకు పంచారు. ఊరి గింజతో ఊరి రేషన్ షాపు అన్నమాట. విత్తనాలను గూనల్లో కాపాడి, ఎడ్ల బండ్ల మీద ఊరూరా పాత పంటల జాతర నడిపారు. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ప్రకృతి వ్యవసాయం విస్తరిస్తున్నది. దీనిని ముందుండి నడిపిన విజయకుమార్ గారు కూడా మనవలె విశ్రాంత ఉద్యోగే. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్ వారి గుల్బెంకియన్ బహుమతిలో భాగం లభించింది. ఇందులో నాకు నచ్చినది నవధాన్యాల విత్తు. తొలకరికి ముందే, మట్టి, పేడ పట్టించిన పలు రకాల విత్తనాలను పొడి దుక్కిలో వేస్తారు. ఏ చినుకు పడినా ఏదో ఒకటి మొలుస్తుంది, నేల ఎండకు మాడకుండా కప్పుకుంటుంది. వింటే మా తాతల సాళ్ళే గుర్తుకు వచ్చాయి. నంద్యాల పరిశోధన కేంద్రం వారు సూర్యనంది వంటి మంచి కొర్ర రకాలు ఇచ్చారు. 2013 ఆహార భద్రతా చట్టం బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా రేషన్‌లో చేర్చింది. ఒడిశా 2017 నుంచి చిరుధాన్యాల మిషన్ పెట్టి రాగులు కొని కార్డుల మీద ఇస్తున్నది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకున్నది. అంటే దారి తెలియక ఆగిపోయిన స్థితి కాదు మనది.

అవసరం కూడా పెరిగింది. 2009లో దేశంలో వాన బాగా తప్పింది. మన జిల్లాలో రైతులు ఆకాశం చూస్తుండగానే అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలు, మంత్రాలయం మునిగాయి. కరువూ వరదా ఒకే పంట కాలంలో. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి రాజంపేట వైపు పల్లెలు కొట్టుకుపోయాయి. ఇకముందు ఇటువంటి ఏళ్ళు ఎక్కువగా రావచ్చునని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. చెరువు దోషాలు చెక్కించిన ఆ పోరుమామిళ్ళ శాసనాన్ని మనం మళ్ళీ చదువుకోవలసిన కాలం ఇది.

మనం చేయగలిగినది

మనకు వయసు మీద పడింది, మనమేం చేస్తామని అనుకోవద్దు. మనలో విశ్రాంత సర్వేయర్లు, వి.ఏ.ఓ.లు, రెవెన్యూ ఇన్‌స్పెక్టర్లు ఎందరో ఉన్నారు. ఊరి చెరువుకు నీరు తెచ్చే వంక ఏ సర్వే నంబరులో నుంచి పోతుందో, ఏది వంక పోరంబోకో, ఏది ఆక్రమణో మనకు తెలిసినంతగా కొత్త వారికి తెలియదు. ఆ జ్ఞాపకం మనతో పోకముందే కాగితం మీద పెట్టి పంచాయతీకి ఇద్దాం. ఊళ్ళో పెద్ద వయసు ఆడవాళ్ళను కూర్చోబెట్టి, ఏ గింజ ఏ కార్తెలో విత్తేవారో, ఎలా దాచేవారో మనవళ్ళ చేత వ్రాయిద్దాం. వారానికి రెండు పూటలైనా కొర్రన్నమో సంగటో వండించుకొని, ఆ గింజను తెలిసిన రైతు దగ్గరే కొందాం. కొనేవాడుంటేనే విత్తేవాడుంటాడు. రేషన్‌లో బియ్యంతో పాటు మన సీమ గింజ కూడా ఇవ్వాలని, ఆ గింజను మన రైతు దగ్గరే కొనాలని సంఘం తరఫున అర్జీ పెడదాం. అర్జీ ఎలా వ్రాయాలో మనకు ఒకరు నేర్పనక్కరలేదు.

మా అన్న ఐదేళ్ళ క్రితం పోయాడు. సేద్యం ఇప్పుడు అన్న మనవడిది. వాడు వేరుశనగ మానలేదు, మానమని నేనూ చెప్పను. అప్పు తీరాలన్నా, పిల్లల ఫీజు కట్టాలన్నా అమ్ముకునే గింజ కావాలి. కానీ ఆరెకరాల్లో వేరుశనగ వేసినా నడుమ కంది సాళ్ళు వదలడు. మూడెకరాల్లో కొర్ర, అనుము. తొలకరికి ముందు నవధాన్యాలు. పోయిన పండక్కి ఊరికి వెళితే, “చిన్న తాతా, ఇది చూడు” అని అటక మీద నుంచి ఒక గూన దించాడు. మూతికి పేడ మెత్తి ఉంది. ఎవరు మెత్తారురా అంటే, “అవ్వ నేర్పించింది” అన్నాడు. మా వదిన గడపలో కూర్చొని నవ్వుతున్నది. మూత తీసి చూపించమని అడగబోయి, మా అమ్మ జ్ఞాపకం వచ్చి ఊరుకున్నాను.

మీ ఊరి గింజల సంగతులు కూడా వ్రాసి మన సంచికకు పంపవలసినదిగా ప్రార్థన. సెలవు.

– ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు, రెవెన్యూ శాఖ